విండోస్‌లో వాడిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ లినక్స్‌లో: ఎన్‌టీఎఫ్‌ఎస్ అలాగే ఉంచాలా, మార్చేయాలా?

లినక్స్ వేసుకున్న మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. వైఫై పట్టింది, సౌండ్ వస్తోంది, తెలుగు ఫాంట్లు సరిగ్గా కనిపిస్తున్నాయి, ఇంకేం కావాలి అనుకుంటూ పాత ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తీసి గుచ్చుతారు. ఏళ్ల తరబడి విండోస్‌లో వాడిన డ్రైవ్ అది, ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసి దాచుకున్న కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. మొదటిసారి సాధారణంగా ఏ గొడవా లేకుండా తెరుచుకుంటుంది. మూడోసారో నాలుగోసారో గుచ్చినప్పుడు మౌంట్ కాలేదని (అంటే డ్రైవ్‌ని సిస్టమ్‌కి జోడించి తెరవలేకపోయానని) ఒక మెసేజ్ వస్తుంది చూడండి, టెన్షన్ అక్కడ మొదలవుతుంది. నెట్‌లో వెతికితే ఒకరు ఫలానా డ్రైవర్ వేసుకో అంటారు, ఇంకొకరు ఫార్మాట్ కొట్టెయ్ అంటారు, మరొకరు ఒక కమాండ్ ఇచ్చి ఇది నడిపితే సరిపోతుంది అంటారు, అది ఏం చేస్తుందో మాత్రం చెప్పరు.

ఏ డ్రైవర్ ఎంత స్పీడ్ అనే లెక్కలు చాలా దొరుకుతాయి కానీ, ఎంపిక చేసుకునే ముందు నేను అడిగే ప్రశ్న వేరే. రేపు ఈ డ్రైవ్‌లో ఫైల్‌సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క పెట్టే ఏర్పాటు, దెబ్బతింటే దాన్ని ఎక్కడ బాగుచేస్తారు? విండోస్ సొంత ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఆ పని పూర్తిగా, నమ్మకంగా చేసేది విండోస్‌లోని చెక్‌డిస్క్. లినక్స్‌లో మామూలుగా దొరికే పనిముట్లలో దానికి సాటి వచ్చేది లేదు. రెండు సిస్టమ్‌లూ గుర్తుపట్టే ఎక్స్‌ఫ్యాట్ అయితే రెండు చోట్లా బాగుచేసుకోవచ్చు, లినక్స్ సొంతదైన ఈఎక్స్‌టీ4 అయితే లినక్స్‌లోనే అన్నీ అయిపోతాయి. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలు సగం వాటంతటవే తేలిపోతాయి.

ముందు మీ డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకోండి, ఎందుకంటే విండోస్‌లో వాడినంత మాత్రాన ఎన్‌టీఎఫ్‌ఎస్సే అయి ఉండాలని లేదు. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్‌కి మైనస్ ఎఫ్ తగిలించి కొడితే ప్రతి డిస్కూ, దాని ఫైల్‌సిస్టమ్, పేరు, యూయూఐడీ (దానికి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) వరుసగా వస్తాయి. టెర్మినల్ ఇష్టం లేకపోతే మీ డెస్క్‌టాప్‌లో ఉన్న డిస్కుల యాప్ తెరిచినా ఇదే కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లూ ఎస్‌డీ కార్డులూ తరచుగా ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఫ్యాట్32లోనో ఉంటాయి, పెద్ద పోర్టబుల్ హార్డ్‌డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటాయి, ఆఫీసు లాప్‌టాప్‌తో వాడినదైతే బిట్‌లాకర్ (విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్) తాళం వేసి ఉండొచ్చు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ అలాగే ఉంచుకునేవాళ్లకి

ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. దాని లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ పూర్తిగా బయటపెట్టలేదు కాబట్టి లినక్స్ వైపు వాళ్లు దాన్ని చాలావరకు తవ్వి తవ్వి అర్థం చేసుకున్నారు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో పాత డ్రైవర్ ఒకటి ఉండేది, దాంతో చదవడం బాగానే జరిగేది, రాయడం మాత్రం దాదాపు లేనట్టే. చివరికి 2024లో వచ్చిన 6.9 కెర్నెల్‌లో దాన్ని తీసేశారు. నిజంగా రాయడం కుదిరింది ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీతో, 2007లో దాని మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత ప్యారగాన్ అనే కంపెనీ తన డ్రైవర్‌ని కెర్నెల్‌కి ఇచ్చింది, అది 2021 అక్టోబర్ చివర్లో 5.15 కెర్నెల్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే పేరుతో చేరింది.

రెండు పేర్లూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారు కదా. ఒకదానిలో చివర జీ ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరు వాడేసి తల పట్టుకోవడానికి సగం కారణం ఇదే, ఒకదాని ఆప్షన్లు రెండోదానికి అన్నీ పనిచేయవు. మీ డ్రైవ్ ప్రస్తుతం దేనితో మౌంట్ అయిందో తెలుసుకోవాలంటే ఫైండ్‌మౌంట్ (findmnt) కమాండ్ కొట్టి ఫైల్‌సిస్టమ్ రకం చూడండి. అక్కడ ఫ్యూజ్‌బ్లాక్ అని అర్థమొచ్చేలా ఉంటే అది ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ. ఎన్‌టీఎఫ్‌ఎస్3 అని నేరుగా ఉంటే కెర్నెల్ డ్రైవర్.

తేడా ఎక్కడంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ కెర్నెల్ బయట ఒక మామూలు ప్రోగ్రాంలా నడుస్తుంది. ప్రతి చదవడమూ రాయడమూ కెర్నెల్ నుంచి ఆ ప్రోగ్రాంకి వెళ్లి మళ్లీ కెర్నెల్‌కి రావాలి, అందుకే పెద్ద కాపీలప్పుడు సీపీయూ వాడకం పైకి లేస్తుంది, వేగంగా ఉండే ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు దాని పూర్తి స్పీడ్ అందదు. ఎన్‌టీఎఫ్‌ఎస్3 కెర్నెల్ లోపలే ఉంటుంది కాబట్టి ఈ తిప్పట లేదు. ఇక్కడ ఒక్క మాట. మీ డ్రైవ్ తిరిగే హార్డ్‌డిస్క్ అయి, దాన్ని యూఎస్‌బీ 2 పోర్ట్‌లో గుచ్చుతుంటే ఈ తేడా మీకు అస్సలు కనపడదు. ఆ పోర్ట్ గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే కాగితం మీదే 60 మెగాబైట్లు, చేతికి అందేది అంతకన్నా తక్కువ. ఆ వేగాన్ని ఏ డ్రైవరైనా అందుకుంటుంది. స్పీడ్ కోసం డ్రైవర్ మార్చేముందు పోర్ట్ మార్చి చూడండి, కేబుల్ కూడా.

నాకు వీటి మధ్య అసలైన తేడా స్పీడ్‌లో కాదు, డ్రైవ్ మురికిగా ఉన్నప్పుడు అవి ప్రవర్తించే తీరులో కనిపించింది. మురికి అన్నది నేను పెట్టిన మాట కాదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో నిజంగానే డర్టీ అనే ఒక గుర్తు ఉంటుంది. డ్రైవ్‌ని సరిగ్గా బయటకు తీయకుండా పీకేస్తే ఆ గుర్తు అలాగే మిగిలిపోతుంది.

నా 2 టీబీ డ్రైవ్‌కి ఒక రాత్రి ఇదే జరిగింది. వేరే వాళ్ల విండోస్ లాప్‌టాప్‌లో ఏవో వీడియోలు కాపీ చేసుకుని, టైం లేదని కేబుల్ అలాగే లాగేశాను. ఇంటికొచ్చి లినక్స్‌లో గుచ్చితే ఫైల్‌సిస్టమ్ రకం తప్పు, ఆప్షన్ తప్పు, సూపర్‌బ్లాక్ పాడైంది, ఇలా మూడు నాలుగు కారణాలు ఒకే వాక్యంలో గుదిగుచ్చిన ఒక ఎర్రర్ వచ్చింది. సూపర్‌బ్లాక్ పాడైంది అన్న ముక్క చదవగానే గుండె జారిపోయింది, అందులో పదేళ్ల ఫొటోలున్నాయి. రెండుసార్లు తీసి పెట్టాను, అదే మాట. అప్పుడు కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చివరి పది లైన్లు చదివితే అసలు సంగతి అక్కడ ఉంది: ఎన్‌టీఎఫ్‌ఎస్3 అంటూ మొదలై, వాల్యూమ్ డర్టీగా ఉంది, ఫోర్స్ అనే ఆప్షన్ ఇవ్వలేదు అని. అంతే. డిస్క్ పాడవలేదు, డ్రైవర్ జాగ్రత్త పడింది. తెల్లారి మళ్లీ ఆ విండోస్ లాప్‌టాప్ దగ్గరికి తీసుకెళ్లి చెక్‌డిస్క్‌కి స్లాష్ ఎఫ్ తగిలించి నడిపి, సరిగ్గా ఎజెక్ట్ చేసి తెచ్చి పెడితే ఒక్క ఫైల్ కూడా పోకుండా తెరుచుకుంది.

అప్పటి నుంచి నాకు అలవాటైన పద్ధతి ఇది. పైకి కనిపించే ఎర్రర్‌ని నమ్మను, డీమెసేజ్ చూశాకే ఏదైనా చేస్తాను. ఆ రాత్రి భయంలో ఫార్మాట్ బటన్ దాకా వెళ్లే మనుషులు ఎంతమంది ఉంటారో తలచుకుంటేనే బాధేస్తుంది.

అదే పరిస్థితిలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అయితే చాలాసార్లు జర్నల్‌ని (డిస్క్ మీద ఏం రాస్తున్నామో నమోదయ్యే చిట్టాని) సరిచేసుకుని మౌంట్ చేసేస్తుంది. విండోస్ హైబర్నేషన్‌లో ఉన్న గుర్తులు కనిపిస్తే మాత్రం ఇది సురక్షితంగా లేదు, చదవడానికి మాత్రమే తెరుస్తున్నాను అని చెప్పి రీడ్ ఓన్లీగా తెరుస్తుంది. చదవడానికైనా దొరుకుతుంది కదా, ఫొటోలు బయటకు తీసుకోవడానికి అది చాలు. అందుకే అటూ ఇటూ తిరిగే డ్రైవ్‌లకి నేను ఇప్పటికీ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ వైపే మొగ్గుతాను. ఎప్పుడూ ఒకే లినక్స్ సిస్టమ్‌కి తగిలించి ఉండే పెద్ద ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అయి, దానిమీద పెద్ద పెద్ద ఫైళ్లతో పని చేస్తుంటే అప్పుడు ఎన్‌టీఎఫ్‌ఎస్3 హాయిగా ఉంటుంది, మొదట ఒకసారి విండోస్‌లో చెక్‌డిస్క్ చేయించి శుభ్రంగా తెచ్చుకుంటే చాలు.

డెస్క్‌టాప్‌లో ఐకాన్ మీద నొక్కితే ఏ డ్రైవర్ ముందు వస్తుందన్నది వెనకాల పనిచేసే యూడిస్క్స్ అనే సర్వీస్ చేతిలో ఉంటుంది, దాని మౌంట్ ఆప్షన్ల కాన్ఫిగ్ ఫైల్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ల వరుస మార్చుకోవచ్చు. ఒక్కొక్క డిస్ట్రో (లినక్స్ రకం) ఒక్కో వరుస పెడుతుంది కాబట్టి పక్కవాళ్ల సిస్టమ్‌లో తెరుచుకున్న డ్రైవ్ మీ దగ్గర తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ గురించి. చాలామంది ఇచ్చే ఆ ఒక్క కమాండ్ సాధారణంగా ఇదే. ఇది చెక్‌డిస్క్‌కి లినక్స్ వెర్షన్ కాదని దాని మాన్యువల్లోనే రాసి ఉంటుంది. కొన్ని ప్రాథమికమైన తప్పులు సరిచేస్తుంది, జర్నల్‌ని ఖాళీ చేస్తుంది, తర్వాత విండోస్‌లో తెరిచినప్పుడు చెక్ చేయమని గుర్తు పెడుతుంది, మైనస్ డీ ఇస్తే డర్టీ గుర్తు చెరిపేస్తుంది. గుర్తు చెరిపేసినంత మాత్రాన లోపల ఉన్న తప్పు పోదు కదా. ముఖ్యమైన డేటా ఉన్న డ్రైవ్ మీద దీన్ని గానీ ఫోర్స్ ఆప్షన్‌ని గానీ వాడేముందు రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, కావలసినవన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. దగ్గర్లో విండోస్ సిస్టమ్ లేకపోతే లినక్స్‌లోనే వర్చువల్ మెషిన్‌లో విండోస్ పెట్టి, డ్రైవ్‌ని ఆ వర్చువల్ మెషిన్‌కి అప్పగించి అక్కడ చెక్‌డిస్క్ నడపొచ్చు, కొంచెం శ్రమే కానీ పనవుతుంది.

ఫాస్ట్ స్టార్టప్ సంగతి కూడా చెప్పాలి. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే నిజమైన షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్. ఆపేటప్పుడు తగిలించి ఉన్న డిస్కుల వివరాలు కొన్ని అది గుర్తుపెట్టుకునే పడుకుంటుంది. ఆ స్థితిలో డ్రైవ్ తీసుకొచ్చి లినక్స్‌లో ఏదైనా రాస్తే, తర్వాత విండోస్ లేచి తనకు గుర్తున్న పాత లెక్కతో పని మొదలుపెడుతుంది, రెండు లెక్కలూ కలవవు, ఫైళ్లు పోయేది అప్పుడే. దీనికి మందు సులువు. విండోస్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. అది మీ లాప్‌టాప్ కాకపోతే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, లేదా డ్రైవ్‌ని ముందే ఎజెక్ట్ చేసి తీసుకోండి. రీస్టార్ట్ కొడితే మాత్రం విండోస్ పూర్తిగానే ఆగి లేస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలో హైబర్నేషన్ ఫైల్‌ని తీసేసి మౌంట్ చేసే ఆప్షన్ ఒకటుంది, విండోస్‌లో దాచి ఉన్న సెషన్ మొత్తం దాంతో పోతుంది, అందులో సేవ్ చేయని పని ఉంటే అదీ పోతుంది. వేరే వాళ్ల డిస్క్ మీద ఆ ఆప్షన్ ముట్టుకోవద్దు.

ఎక్స్‌ఫ్యాట్‌కి మారితే

రెండు సిస్టమ్‌ల మధ్య రోజూ తిరిగే డ్రైవ్ అయితే నేను చెప్పేది ఎక్స్‌ఫ్యాటే. 2006లో పుట్టింది, 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని స్పెసిఫికేషన్ బయటపెట్టింది, అదే ఏడాది 5.4 కెర్నెల్‌లో ఒక తాత్కాలిక డ్రైవర్ వచ్చి, 2020లో 5.7 కెర్నెల్‌తో సామ్‌సంగ్ వాళ్లు రాసిన మంచి డ్రైవర్ దాని స్థానంలో చేరింది. కాబట్టి ఇప్పటి లినక్స్‌లో దీనికోసం ప్రత్యేకంగా డ్రైవర్ వెతుక్కోవాల్సిన పని లేదు. ఫార్మాట్ చేయడానికీ బాగుచేయడానికీ ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్ అనే ప్యాకేజీ ఉంటే చాలు. మ్యాక్ కూడా దీన్ని చదువుతుంది, రాస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మాత్రం మ్యాక్ చదివి ఊరుకుంటుంది. కెమెరాలు, చాలా టీవీలు కూడా దీన్ని గుర్తుపడతాయి.

ఇందులో లోపాలు రెండున్నాయి, రెండూ తెలిసే వాడాలి. మొదటిది, జర్నల్ లేదు. రాస్తుండగా కరెంటు పోయినా, కేబుల్ ఊడినా, ఎక్కడిదాకా రాశామో చెప్పే చిట్టా ఉండదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఈ విషయంలో మేలు. రెండోది క్లస్టర్ సైజు, అంటే ఫైళ్లకి చోటు పంచే కనీస ముక్క ఎంత అన్నది. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే మామూలుగా ఒక్కో క్లస్టర్ 128 కేబీ పడుతుంది, అంటే ఎంత చిన్న ఫైలైనా డిస్క్ మీద కనీసం 128 కేబీ ఆక్రమిస్తుంది. 2 కేబీ ఉండే చిన్న చిన్న ఫైళ్లు పదివేలు ఉన్నాయనుకోండి. అసలు డేటా 20 ఎంబీ. డిస్క్ మీద పట్టే చోటు దాదాపు 1.28 జీబీ. వీడియోలు, ఫొటోలు అయితే ఈ నష్టం లెక్కలోకి రాదు. ప్రోగ్రాంల సోర్స్ కోడ్ ఫోల్డర్లు, ఈమెయిల్ ఆర్కైవ్‌ల లాంటివి పెట్టేవాళ్లు ఫార్మాట్ చేసేటప్పుడే క్లస్టర్ చిన్నది ఎంచుకోవాలి, లేదంటే వాటిని ఒక్క ఆర్కైవ్ ఫైల్‌గా చుట్టి పెట్టాలి.

ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి ఎక్స్‌ఫ్యాట్‌కి డేటా ఉండగానే మార్చే దారి లేదని గుర్తుంచుకోండి. అంతా వేరే డిస్క్‌కి తీసి, ఫార్మాట్ చేసి, మళ్లీ పెట్టాలి. కాపీ అయ్యాక ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌ని మైనస్ సీతో ఇంకోసారి నడిపితే రెండు వైపులా ఫైళ్లు అచ్చంగా ఒకటేనా కాదా అని లోపలి డేటాతో సరిచూస్తుంది. టెరాబైట్ల డేటాకి గంటలు పడుతుంది, పట్టనివ్వండి, అది పూర్తయ్యేదాకా పాత డ్రైవ్‌ని ఫార్మాట్ చేయొద్దు.

ఫ్యాట్32 గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఒక్కో ఫైల్ 4 జీబీకి లోపే ఉండాలి, ఒక మంచి వీడియో ఫైల్‌కే అది చాలదు. పాత కార్ స్టీరియోకో ప్రింటర్‌కో పెన్‌డ్రైవ్ కావాలంటే తప్ప ఎంచుకోవద్దు.

విండోస్ పూర్తిగా వదిలేసినవాళ్లకి

ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఆ డ్రైవ్‌ని ఇక విండోస్‌కి తగిలించే పని లేదనుకుంటే ఈఎక్స్‌టీ4కి మార్చేయండి, ఇంకో ఆలోచన వద్దు. జర్నల్ ఉంటుంది, పర్మిషన్లు, సింబాలిక్ లింకులు అన్నీ మామూలుగా పనిచేస్తాయి, పాడైతే బాగుచేసే పనిముట్టు మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉంటుంది. మన సిస్టమ్ బ్యాకప్‌లు పెట్టుకునే డ్రైవ్ అయితే ఇదే సరైనది, ఎందుకంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైల్ ఎవరిది, ఎవరు నడపొచ్చు అన్న వివరాలు అస్సలు నిలవవు, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకున్నప్పుడు అవన్నీ పోయి ఉంటాయి.

అయితే తెలుగులో ఫైల్ పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇక్కడ ఒక మెలిక ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లలో పేరు 255 యూనికోడ్ సంకేతాల దాకా ఉండొచ్చు. ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ కాబట్టి వాళ్లకి తేడా తెలియదు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు, ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. "లక్ష్యం" అన్న మాట కంటికి రెండక్షరాలే. లోపల అది ఏడు సంకేతాలు, 21 బైట్లు. ఆ లెక్కన ఈఎక్స్‌టీ4లో తెలుగు పేరు 85 సంకేతాలకి మించకూడదు, అంటే ఒక మాదిరి వాక్యమంత. విండోస్‌లో పొడుగ్గా, తేదీ, సందర్భం, పేర్లు అన్నీ కలిపి పెట్టిన ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో పేరు మరీ పొడుగ్గా ఉందని ఎర్రర్ వచ్చి ఆగిపోతే కారణం ఇదే. డిస్క్ పాడైందని అనుకోకండి, ఆ కొన్ని పేర్లు కుదించి మళ్లీ మొదలుపెట్టండి.

క్లిక్ చేసి తెరవాలా, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయాలా

అప్పుడప్పుడు గుచ్చే డ్రైవ్‌కి ఏ ఏర్పాటూ అక్కర్లేదు. ఫైల్ మేనేజర్‌లో నొక్కితే మీ యూజర్ పేరు మీదే తెరుచుకుంటుంది, పర్మిషన్ల గొడవ ఉండదు. నేను చూసినంతలో కొత్తగా వచ్చినవాళ్లు బూట్ అప్పుడు ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో అనవసరంగా చెయ్యి పెట్టి, సిస్టమ్ బూట్ కాకుండా చేసుకుంటారు. డ్రైవ్ తగిలించకుండా ఆన్ చేస్తే సిస్టమ్ దానికోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది, నల్లటి స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఎప్పుడూ తగిలించి ఉండే డ్రైవ్‌కైతే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మంచిదే, ఎప్పుడూ ఒకే ఫోల్డర్‌లో కనిపిస్తుంది, మ్యూజిక్ యాప్, ఫొటోల యాప్ దారి తప్పవు. కానీ కొన్ని రాయకుండా వదలకండి. డ్రైవ్‌ని ఎస్‌డీబీ1 లాంటి పేరుతో కాకుండా యూయూఐడీతో రాయాలి, ఎందుకంటే ఇంకో పెన్‌డ్రైవ్ ముందు గుచ్చితే ఆ పేర్లు మారిపోతాయి. నోఫెయిల్ తప్పనిసరి, డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగదు. యూఐడీ (యూజర్ నంబర్), జీఐడీ (గ్రూప్ నంబర్)లకి మీ నంబర్లు ఇవ్వాలి, చాలా డెస్క్‌టాప్‌లలో మొదటి యూజర్‌కి అది 1000 ఉంటుంది, ఐడీ అనే కమాండ్ కొడితే తెలుస్తుంది. ఇది ఇవ్వకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్3లో ఫైళ్లు రూట్ పేరు మీద కనిపించి మీరు ఒక్క ఫోల్డర్ కూడా చేయలేకపోవచ్చు. సిస్టమ్‌డీ ఆటోమౌంట్ ఆప్షన్ కూడా చేరిస్తే బూట్‌లో కాకుండా మీరు ఆ ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ అవుతుంది, తీసి పెట్టే డ్రైవ్‌లకి ఇది చాలా హాయి. మార్పులు సేవ్ చేశాక రీబూట్ చేయకుండానే మౌంట్ మైనస్ ఏ కొట్టి చూడండి, తప్పుంటే అక్కడే బయటపడుతుంది.

విండోస్ నేమ్స్ అనే ఆప్షన్‌ని చాలామంది పట్టించుకోరు కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి అది నాకు నచ్చిన ఆప్షన్. లినక్స్‌లో ఫైల్ పేరులో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం లాంటివి పెట్టొచ్చు, విండోస్‌లో కుదరదు. లినక్స్ నుంచి అలాంటి పేరుతో సేవ్ చేస్తే విండోస్‌లో ఆ ఫైల్ కనిపిస్తుంది గానీ తెరుచుకోదు, కొన్నిసార్లు డిలీట్ కూడా కాదు. ఈ ఆప్షన్ ఉంటే అలాంటి పేర్లను మొదట్లోనే ఒప్పుకోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలో ఎప్పటినుంచో ఉంది, ఎన్‌టీఎఫ్‌ఎస్3లో 6.2 కెర్నెల్ నుంచి వచ్చింది. స్క్రీన్‌షాట్ల పేర్లలో టైం కోసం కోలన్ పెట్టే ప్రోగ్రాంలు వాడేవాళ్లకి ఇది బాగా ఉపయోగం. గేమ్‌ల లైబ్రరీని విండోస్‌తో పంచుకుందామని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త, విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తన ఫోల్డర్లలో కోలన్ ఉన్న లింకులు చేస్తుంది, ఈ ఆప్షన్ పెడితే గేమ్ నడవదు, పెట్టకపోతే విండోస్ వైపు ఇబ్బంది. గేమ్‌లని ఈఎక్స్‌టీ4లోనే ఉంచుకోమని నా సలహా.

బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్ గురించి భయపడే రోజులు పోయాయి. డిస్కుల తాళాలు చూసుకునే క్రిప్ట్‌సెటప్ అనే పనిముట్టు 2020లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి లినక్స్ దాన్ని నేరుగా గుర్తుపడుతుంది, కొత్త డెస్క్‌టాప్‌లలో ఐకాన్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగి తెరుస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే 48 అంకెల రికవరీ కీ ఉండాలి, అది విండోస్ వదిలేయకముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. తాళం తెరిచాక లోపల ఉండేది సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్సే కాబట్టి పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

మరి ఎవరికి ఏది? వారానికి రెండుసార్లైనా విండోస్‌కీ లినక్స్‌కీ మధ్య తిరిగే డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాట్, ఆ డ్రైవ్‌లో ఉన్నదానికి ఇంకో చోట కాపీ తప్పకుండా ఉండాలి. ఇంట్లో విండోస్ సిస్టమ్ ఒకటి ఉండి, డ్రైవ్ ప్రధానంగా దానిదే అయి, మీరు లినక్స్ నుంచి అప్పుడప్పుడు చూస్తారంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ అలాగే ఉంచండి, ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీతో తెరవండి, రాసే పని లేనప్పుడు రీడ్ ఓన్లీగా తెరవండి. విండోస్ లేనేలేదంటే ఈఎక్స్‌టీ4. ఇక పాత ఫొటోలతో నిండిపోయి, కొత్తగా ఏమీ రాయని ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ ఒకటి ఉందనుకోండి, దాన్ని మార్చడానికి హడావుడి పడొద్దు. రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే అందులోని ఫైల్‌సిస్టమ్‌ని మీ సిస్టమ్ చెడగొట్టే అవకాశమే ఉండదు. కొత్త డిస్క్ కొన్నప్పుడు తీరిగ్గా దానిలోకి తీసుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా డ్రైవ్ బయటకు తీసే పద్ధతి ఒకటే, నా 2 టీబీ డ్రైవ్ సంగతి చదివారు కదా, అందుకే దీని మీద ఇంత పట్టు. లినక్స్‌లో కాపీ చేస్తే ప్రోగ్రెస్ బార్ చకచకా పరిగెత్తి నూరు శాతం దగ్గర చాలాసేపు ఆగిపోతుంది, లేదా అయిపోయిందని చెప్పేస్తుంది. డేటాలో కొంత అప్పటికి ర్యామ్‌లోనే ఉంటుంది, డిస్క్‌కి ఇంకా చేరుతూనే ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ గుర్తు నొక్కండి, డేటా ఇంకా రాస్తున్నాం, తీయకండి అని మెసేజ్ వస్తే వచ్చినంతసేపు ఆగండి, టెర్మినల్ అలవాటున్నవాళ్లు సింక్ అని కొట్టి ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా చూడొచ్చు. ఇక తీయొచ్చు అన్న మెసేజ్ వచ్చాక, డ్రైవ్ మీద లైటు మిణుకు మిణుకుమనడం ఆగాక, చేతిని కేబుల్ మీద పెట్టండి.